పండు ఈగ దొరికిందా? రంగు వదిలేసి చారలు లెక్కపెట్టండి

మా బాబాయికి అర ఎకరం కాకర పందిరి ఉంది. రెండేళ్ళ కింద పిందెలు పిందెలుగానే వంకర తిరిగిపోయి పసుపెక్కడం, కోసి చూస్తే లోపల తెల్ల పురుగులు. షాపులో అడిగితే పండు ఈగ అండీ బుట్టలు కట్టుకోండి అని మిథైల్ యూజినాల్ బిళ్ళ పెట్టిన ఎర బుట్టలు ఇచ్చారు. కట్టాం. వారం తిరిగేసరికి బుట్టల్లో ఈగలు కుప్పలు కుప్పలు, బాబాయి మురిసిపోయి ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడు. కాకరకాయలు మాత్రం కుళ్ళుతూనే ఉన్నాయి. చివరికి ఒక బుట్ట తెచ్చి న్యూస్ పేపర్ మీద బోర్లించి లెన్స్ పెట్టి చూస్తే అర్థమైంది, పడ్డవన్నీ పక్క మామిడి తోట ఈగలు, కాకరని పాడుచేసే ఈగ అందులో ఒక్కటంటే ఒక్కటి లేదు. దానికి ఆ మందు వాసనే పట్టదు, దానికి క్యూ-లూర్ అనే వేరే ఎర పెట్టాలి.

అంటే ఈగని గుర్తుపట్టకుండా బుట్ట కట్టడం దండగ. మామూలు కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి, పసుపు గోధుమ రంగులో కందిరీగ పిల్లలా. కానీ ఒక్కసారి ఎక్కడెక్కడ చూడాలో తెలిస్తే ఈగకి అయిదు నిమిషాలు కూడా పట్టదు. మామిడి, జామ, కాకర, దొండ వేసేవాళ్ళకే కాదు డాబా మీద కుండీల్లో బీర పాదు పెట్టుకున్నవాళ్ళకి కూడా పనికొస్తుందని రాస్తున్నా.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు. నగల షాపుల్లో రాళ్ళు చూసే పది రెట్ల లెన్స్ ఒకటి, లేకపోతే ఫోన్ కెమెరాకి తగిలించే మాక్రో క్లిప్. తెల్ల కాగితం, రెండు గుండుసూదులు, చిన్న మూత సీసా. మైక్రోస్కోప్ ఉంటే మంచిదే, లేకపోయినా ఇక్కడ చెప్పేవన్నీ కనపడతాయి.

మొదటి పని, అది అసలు మనకి కావాల్సిన ఈగేనా అని చూస్కోవడం. వంటింట్లో మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే బుల్లి ఈగల్ని కూడా అందరూ పండు ఈగలు అనే అంటారు, అవి డ్రోసోఫిలా, రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటాయి, ఎర్ర కళ్ళు, మామూలుగా అవి కుళ్ళిన పండుకే వస్తాయి గానీ చెట్టు మీద బాగున్న కాయని పొడవవు. మనం వెతికేవి ఇంటి ఈగ అంత ఉంటాయి, ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లు, నడిచేటప్పుడు రెక్కలు పక్కలకి చాపుకుని నడుస్తాయి. కందిరీగేమో అని డౌట్ వస్తే రెక్కలు లెక్కపెట్టండి. కందిరీగకి నాలుగు, ఈగకి రెండే, ఆ రెండిటి వెనకాల చిన్న గుండీల్లాంటి కాడలు రెండు ఉంటాయి. ఇంకో సంగతి, మామిడి కోసినప్పుడు పురుగు టెంక లోపల ఉంటే, దానికి గోధుమ రంగు తలకాయ కనపడుతుంటే అది ఈగ పిల్ల కాదు, టెంక పురుగు. ఈగ పిల్ల గుజ్జులో ఉంటది, తల అంటూ విడిగా ఉండదు, కాళ్ళుండవు, బయట వేస్తే ఒళ్ళు వంచి ఎగిరి గంతేస్తుంది.

రెండోది, శాంపిల్ బాగుండాలి. ఇక్కడే సగం మంది తప్పు చేస్తారు. వారం రోజులు బుట్టలో పడి ఎండి, చీమలు సగం తిని, వర్షం నీళ్ళలో నానిన ఈగని తెచ్చి ఇదేంటో చెప్పమంటే ఎవరు చెప్తారు. బుట్ట కట్టిన మర్నాడు పొద్దున్నే తీసినవి అయితే వెంట్రుకలు, రెక్కలు చెక్కుచెదరకుండా ఉంటాయి. బతికున్నది దొరికితే డబ్బాలో పెట్టి ఫ్రిజ్ పైన ఐసు గడ్డకట్టే అరలో ఒక అరగంట ఉంచండి, నలపకుండా చచ్చిపోతుంది (ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పండి, నాకు చీవాట్లు పడ్డాయి).

కాయలో పురుగే ఉండి ఈగ లేకపోతే? పురుగుని చూసి ఏ జాతో చెప్పడం మనవల్ల కాదు, శాస్త్రవేత్తలకే కష్టం. దాన్ని ఈగ అయ్యేదాకా పెంచాలి. పాత బకెట్లో రెండంగుళాలు పొడి ఇసుక పోసి మీద ఆ కాయలు పెట్టి పల్చటి గుడ్డ కట్టేయండి. పురుగులు ఇసుకలోకి దిగి గోధుమ గింజల్లా అయిపోతాయి, ఎండని బట్టి వారం పది రోజులకి ఈగలు బయటికొస్తాయి. వచ్చిన వెంటనే చంపకండి, ఇది ముఖ్యం. అప్పుడే పుట్టిన ఈగ పాలిపోయి ఉంటది, చారలు సరిగ్గా తేలవు, రెక్క మచ్చలు కూడా లేతగా ఉంటాయి. పంచదార కొంచెం, తడిపిన దూది కొంచెం పెట్టి మూడు నాలుగు రోజులు బతకనివ్వండి, ముదిరి అసలు రంగు వచ్చాక చూడండి. నేను మొదట్లో అలా పుట్టిన రోజు ఈగని చూసి కొత్త జాతి కనిపెట్టేశా అనుకున్నా.

ఇప్పుడు అసలు విషయం. రంగు చూడకండి. నల్లగా ఉంటే ఒకటి, ఎర్రగా ఉంటే ఇంకోటి అని చాలామంది విడగొడతారు, అది తప్పు. మామిడికి ఎక్కువ నష్టం చేసే బాక్ట్రోసెరా డోర్సాలిస్ ఉంది చూడండి, దాని వీపు ఒకే తోటలో ఒకదానికి కారు నలుపు, ఇంకోదానికి ఎర్ర గోధుమ, మూడోదానికి రెండూ కలిసి ఉంటాయి. ఈ రకరకాల రూపాలతో శాస్త్రవేత్తలే తికమక పడ్డారు. 2003లో కెన్యాలో ఒక ఈగ దొరికితే 2005లో దానికి కొత్త జాతి అని ఇన్వాడెన్స్ అని పేరు పెట్టారు, 2015కి వచ్చేసరికి లేదు లేదు ఇది మన డోర్సాలిస్సే అని కలిపేశారు. కాబట్టి మనం రంగు జోలికి పోకుండా నాలుగు చోట్లే చూద్దాం: వీపు మీద పసుపు చారలు, రెక్క ముందు అంచు, మొహం, పొట్ట. ఇదే ఆర్డర్‌లో.

వీపుతో మొదలుపెట్టండి. ఈగని కాగితం మీద బోర్లా పడుకోబెట్టి పైనుంచి చూస్తే వీపు మధ్యలో అడ్డంగా ఒక గీత లాంటి మడత కనపడుద్ది. దానికి వెనక సగంలో, అంటే పొట్ట వైపు సగంలో, నిలువుగా ఎన్ని పసుపు చారలు ఉన్నాయో లెక్కపెట్టండి. భుజాల దగ్గర పసుపు గుండ్రాలు ఉంటాయి, అవి లెక్క కాదు. పక్కటెముకల వైపు కూడా పసుపు పట్టీలు ఉంటాయి, అవీ వద్దు. వీపు చివర త్రికోణంగా పసుపు బిళ్ళ ఉంటది, అదీ వద్దు, కానీ దాన్ని గుర్తుపెట్టుకోండి మళ్ళీ పనుంది. పైన ఉన్న నిలువు చారలే. పక్కలకి చెరోటి రెండే ఉంటే మామిడి, జామ గుంపు. ఆ రెండూ కాక నడిమధ్యలో సన్నగా మూడోది ఉంటే పాదుల గుంపు, అంటే కాకర బీర సొర పొట్ల దోస. అసలు చారలే లేకపోతే దాని కథ వేరే, చివర్లో చెప్తా. బాబాయి బుట్టలో నేను చూసింది ఇదే, ఎన్ని తిప్పినా రెండు చారలే. బుట్ట తప్పు అని తెలుసుకోవడానికి ఇంతకన్నా ఏం అక్కర్లేదు.

రెండు చారలు వచ్చాయనుకోండి. ఇప్పుడు రెక్క. ఒక రెక్కని సూదితో మెల్లగా పక్కకి లాగి తెల్ల కాగితం మీద పరచండి, ఊడిపోయినా నష్టం లేదు. ముందు అంచు వెంబడి సన్నటి గోధుమ గీత మొదటినుంచి కొసదాకా తెగకుండా వెళ్తే అది డోర్సాలిస్. కాటుక పుల్లతో అంచుకి గీసినట్టు నీట్‌గా ఉంటది. గీత మధ్యలో ఆగిపోయి, మళ్ళీ రెక్క కొసన ఒక చిన్న మచ్చ మాత్రమే ఉంటే డోర్సాలిస్ కాదు. అది బాక్ట్రోసెరాలోనే వేరే జాతి, జోనాటా అన్నా అవ్వాలి, కరెక్టా అన్నా అవ్వాలి. ఈ రెండిటికీ రెక్క దాదాపు ఒకటే, అందుకే రెక్క దగ్గర ఆగిపోకుండా మొహం చూడాలి.

మొహం చూడ్డం కొంచెం ఓపిక పని. ఈగని వెల్లకిలా కాకుండా పక్కకి తిప్పి, తల మీవైపు ఉండేలా సూదితో ఆనించి, కళ్ళ మధ్యలో మీసాలకి కింద చూడండి. విడివిడిగా రెండు నల్ల చుక్కలుంటే జోనాటా. ఆ చుక్కలు అడ్డంగా సాగి మధ్యలో కలిసిపోతున్నట్టు, మూతి మీద పల్చటి మీసం పెట్టినట్టు ఉంటే కరెక్టా. నాకైతే ఈ గుర్తు ఒక్కటే చాలు, చూడగానే నవ్వొస్తుంది కూడా. దీనికి తోడు జోనాటా మొత్తం మీద ఎర్రగోధుమగా ఉండి పొట్ట మీద నల్ల గీతలు తక్కువ, కరెక్టా వీపు ఎక్కువగా నల్లగా ఉంటది. రంగు చూడకండి అని నేనే చెప్పి మళ్ళీ రంగు చెప్తున్నా అనకండి, మొహం తేల్చాక సాక్ష్యానికి చూస్కోడానికి మాత్రమే.

పొట్ట గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పొట్ట మీద ఇంగ్లీషు టీ అక్షరం ఉంటే డోర్సాలిస్ అని చాలా పాంప్లెట్లలో ఒక్క లైన్‌లో తేల్చేస్తారు. నిజమే, డోర్సాలిస్‌కి టీ ఉంటది, పైన అడ్డగీత, మధ్యలోంచి కిందకి నిలువుగీత. కానీ కరెక్టాకీ ఉంటది, పాదుల ఈగకీ ఉంటది. టీ లేకపోతేనే అది పనికొచ్చే గుర్తు, ఎందుకంటే జోనాటాకి మామూలుగా ఆ టీ ఉండదు లేదా ముక్కలు ముక్కలుగా ఉంటది. అందుకే పొట్టని నేను ఆఖర్న పెట్టా.

మధ్యలో చిన్న కబురు. ఈ మిథైల్ యూజినాల్ సంగతి బయటపడింది మన దేశంలోనే. బీహార్‌లోని పూసాలో హౌలెట్ అనే ఆయన పనిచేసేవారు, 1912లో సిట్రోనెల్లా నూనె వాసనకి ఈ ఈగలు వచ్చి వాలుతున్నాయని గమనించి రాశారు, 1915కి అందులో లాగే అసలు సరుకు మిథైల్ యూజినాల్ అని తేల్చారు. తులసిలో కూడా ఇదే ఉంటది, అందుకే కొందరు రైతులు తులసాకు నలిపి డబ్బాలో వేసి తోటలో పెడతారు, ఈగలు వస్తాయి కూడా. వచ్చేవి మాత్రం మగవే. బుట్టలో పడేదంతా మగ ఈగలే, కాయని పొడిచి గుడ్లు పెట్టేది ఆడది. ఆడదానికి పొట్ట చివర సూదిలా మొన ఉంటది, మగదానికి చివర మొద్దుగా ఉండి, పొట్ట మూడో పట్టీకి రెండు పక్కలా దువ్వెన పళ్ళలా వెంట్రుకల వరస ఉంటది. ఇది ఎందుకు చెప్తున్నానంటే బుట్టలో ఉన్నదే కాయలో ఉందని అనుకోకూడదు, బాబాయి చేసిన తప్పు సరిగ్గా అదే. ఖాయంగా తెలియాలంటే కాయలోంచి పెంచిన ఈగనే చూడాలి.

ఇక మూడు చారల వాళ్ళ సంగతి. మన పాదుల మీద మామూలుగా దొరికేది జ్యూగోడేకస్ కుకుర్బిటే. పాత పుస్తకాల్లో, పాంప్లెట్లలో దీన్నే డేకస్ కుకుర్బిటే అనో బాక్ట్రోసెరా కుకుర్బిటే అనో రాసి ఉంటది, మూడూ ఒకటే, పేరు మారుతూ వచ్చింది అంతే. దీని రెక్క చూడ్డానికే బరువుగా ఉంటది. ముందు అంచు గీత కొసకి వచ్చేసరికి పెద్ద మచ్చలా పరుచుకుంటుంది, అది కాక రెక్క వెనక సగంలో ఒక అడ్డ ఈనె మీద సిరా ఒలికినట్టు ఇంకో ముదురు చార ఉంటది. ఈ రెండో చార ముఖ్యం. ఎందుకంటే దీనికి కవల లాంటిది ఒకటుంది, జ్యూగోడేకస్ టౌ అని. దానికీ మూడు చారలే, దానికీ రెక్క కొసన పెద్ద మచ్చే, కానీ ఆ అడ్డ ఈనె శుభ్రంగా ఉంటది, సిరా మరక ఉండదు.

ఇంకా డౌట్ ఉంటే ఇందాక గుర్తుపెట్టుకోమన్న వీపు చివర పసుపు త్రికోణం దగ్గరికి వెళ్ళండి. దాని అంచున ముళ్ళలాంటి బిరుసు వెంట్రుకలు ఉంటాయి. రెండే ఉంటే కుకుర్బిటే, నాలుగు ఉంటే టౌ. ఇక్కడ జాగ్రత్త, వెంట్రుక ఊడిపోయి కూడా ఉండొచ్చు. ఊడిన చోట చిన్న గుంట, సూది మొనతో పొడిచినట్టు మిగిలిపోతుంది, లెన్స్‌లో వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి ఆ గుంటల్ని కూడా లెక్కలో వేసుకోండి. ఎప్పుడో ఒకటి లెక్క తప్పినవి కూడా తగులుతాయి, అందుకే ఒక్క ఈగని చూసి తీర్పు చెప్పకుండా పది చూడండి. మంచి విషయం ఏంటంటే ఈ రెండూ క్యూ-లూర్‌కే వస్తాయి కాబట్టి బుట్ట కట్టేవాడికి తేడా లేదు, రికార్డు రాసేవాళ్ళకే తేడా.

చారలే లేనిది అన్నా కదా, అది డేకస్ సిలియేటస్. దొండ, కాకర, దోస మీద వస్తుంది, కొంచెం చిన్నగా, ఎర్రగోధుమగా ఉంటది. దీన్ని పట్టుకునే గుర్తు చాలా బాగుంటది. మిగతా ఈగల పొట్ట పట్టీలు పట్టీలుగా విడివిడిగా ఉండి సూదితో నొక్కితే ఒకదాని మీద ఒకటి కదులుతాయి. దీని పొట్ట పైభాగం అంతా అతికించిన ఒకే డిప్ప, గీతలు కనపడతాయి గానీ కదలదు. తడి శాంపిల్ అయితే బాగా తెలుస్తుంది, ఎండిపోయినదైతే ఏ పొట్టయినా గట్టిగానే ఉంటది కాబట్టి మోసపోతారు. దీంతో చిక్కేంటంటే ఇది మిథైల్ యూజినాల్‌కీ రాదు, క్యూ-లూర్‌కీ రాదు. బుట్టలు రెండు రకాలూ కట్టి ఖాళీగా ఉన్నాయని ఈగ లేదనుకుంటే దొండకాయలు పోతాయి. దీన్ని కాయల్లోంచి పెంచి చూడాల్సిందే, పుచ్చిన కాయలన్నీ ఏరి పాతరేయడం తప్ప దీనికి సులువు దారి లేదు.

రేగుపండ్ల ఈగ గురించి కూడా అడుగుతారు. అది కార్పోమియా వెసువియానా, పై గుంపుల్లో దేనికీ చెందదు. పసుపు ఒళ్ళు, వీపు మీద నల్ల చుక్కలు, రెక్క మీద అడ్డంగా పసుపు గోధుమ పట్టీలు. రెక్క మీద పట్టీలు చూస్తే చాలు, ఇంక దేంతోనూ పొరపడరు.

ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి. రెక్క గీత తెగలేదు, చారలు రెండే, కానీ ఆ చారలు బాగా సన్నగా వెనక్కి పోయేకొద్దీ మొన తేలుతున్నాయి, తొడల మీద నల్ల మరకలున్నాయి, అంటే అది డోర్సాలిస్ కాకుండా దక్షిణాదిలో దొరికే కారియే అనే జాతి అయ్యుండొచ్చు, అదీ మిథైల్ యూజినాల్‌కే వస్తుంది. ఇలాంటి చోట లెన్స్ పెట్టుకుని మనం పంతం పట్టడం వేస్ట్. దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంటే అక్కడికి, లేదా వెంకటరామన్నగూడెం ఉద్యాన యూనివర్సిటీ, తెలంగాణలో అయితే సిద్దిపేట జిల్లా ములుగు ఉద్యాన యూనివర్సిటీ కీటకాల విభాగానికి పంపించండి. ఎగుమతి తోటల వాళ్ళు అయితే అసలు సొంతంగా తేల్చుకోకండి, 2014 మే 1 నుంచి యూరప్ వాళ్ళు మన మామిడితో పాటు కాకర, పొట్ల, వంకాయ, చేమ ఆపేసింది సరుకులో పండు ఈగల్లాంటి పురుగులు దొరికే, మామిడికి మళ్ళీ 2015లో గానీ దారి తెరవలేదు.

పంపేటప్పుడు ఫొటోలు అయిదు తీయండి. పైనుంచి వీపు, మొహం ఎదురుగా, పక్కనుంచి మొత్తం ఒళ్ళు, పరిచిన రెక్క, పొట్ట పైభాగం. పక్కన గ్రాఫ్ కాగితం ముక్క పెడితే సైజు తెలుస్తుంది. ఫ్లాష్ వేయకండి, పసుపు చారలు తెల్లగా పేలిపోతాయి, పొద్దున తొమ్మిదింటి నీడ వెలుతురు బెస్ట్. ఈగల్ని డెబ్బై శాతం స్పిరిట్‌లో వేసి పెట్టండి, మగవి ఆడవి కలిపి పది తగ్గకుండా. స్పిరిట్‌లో పసుపు రంగు మెల్లగా పోతుంది కాబట్టి ఫొటోలు ముందు తీసి తర్వాత సీసాలో వేయాలి.

సీసా లోపల కాగితం ముక్క మీద ఊరు, తేదీ, ఏ కాయ, బుట్టలో పడిందా కాయలోంచి పెంచిందా, ఏ ఎర, ఇవన్నీ రాసి వేయండి. పెన్సిల్‌తోనే రాయాలి, పెన్నుతో రాస్తే స్పిరిట్‌లో సిరా కరిగిపోయి మర్నాటికి తెల్ల కాగితం మిగులుద్ది. మేము మొదటిసారి పంపింది అలాగే వెనక్కొచ్చింది, ఏ ఊరిదో ఎవరి తోటదో తెలియక.